కాలేజీ పిచ్చర్ ప్రొఫెషనల్ స్థాయికి పనికొస్తాడా? అంచెలంచెలుగా తేల్చుకునే పద్ధతి

అమెరికాలో శుక్రవారం రాత్రి పెద్ద కాలేజీ బేస్‌బాల్ మ్యాచ్‌కి వెళ్తే హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక వరసల్లో ఓ గుంపు కనిపిస్తుంది. చేతిలో రాడార్ గన్, ఒళ్ళో నోట్‌బుక్, మెడలో స్టాప్‌వాచ్. చప్పట్లు కొట్టరు, స్కోర్‌బోర్డు వంక పెద్దగా చూడరు. వీళ్ళు మేజర్ లీగ్ (అమెరికాలో అన్నిటికన్నా పై ప్రొఫెషనల్ లీగ్) క్లబ్బుల కోసం ఆటగాళ్ళను వెతికే స్కౌట్లు. శుక్రవారమే ఎందుకంటే, కాలేజీ జట్లు వారాంతంలో మూడు మ్యాచ్‌ల సిరీస్ ఆడతాయి, తమ అందరిలోకీ మంచి పిచ్చర్‌ని (బ్యాటర్‌కి బంతి విసిరేవాణ్ణి) మొదటి రోజే దింపుతాయి.

ఈ రాత్రి ఆ కుర్రాడు గెలిచాడా లేదా అన్నది స్కౌట్‌కి అనవసరం. బంతి మారి, బ్యాటు మారి, వారానికో మ్యాచ్ బదులు ఐదారు రోజులకో మ్యాచ్ వచ్చి, ఎదురుగా నిలబడేవాడు కూడా మారిపోయాక ఇతని దగ్గర ఏం మిగులుతుంది? అతను లెక్క కట్టేది అదే. కింద చెప్పే అంచెలన్నీ ఆ ఒక్క ప్రశ్న కోసమే. బేస్‌బాల్ ఓనమాలు తెలిస్తే చాలు, ఎవరైనా ప్రయత్నించవచ్చు.

ముందు క్యాలెండర్ సంగతి. నాలుగేళ్ళ కాలేజీలో చేరిన ఆటగాడు మూడో ఏడు పూర్తయ్యాక గానీ, 21 ఏళ్ళు నిండే వేళకు గానీ డ్రాఫ్ట్‌కి (క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే కార్యక్రమం) అర్హుడవుతాడు. సీజన్ ఫిబ్రవరి మధ్యలో మొదలై, జూన్‌లో ఒమాహాలో జరిగే కాలేజ్ వరల్డ్ సిరీస్‌తో ముగుస్తుంది. 2021 నుంచి డ్రాఫ్ట్ జూలైలో, 20 రౌండ్లుగా జరుగుతోంది. అంటే మీ పరిశీలనకు చేతిలో ఉండేది గట్టిగా నాలుగైదు నెలలు.

1. ముందు అంకెలు తీయండి, ఇ.ఆర్.ఏ. మాత్రం పక్కన పెట్టండి

పిచ్చర్ ఇచ్చిన పరుగుల సగటు చూడగానే ఆకట్టుకుంటుంది. కానీ అందులో ఫీల్డర్ల చురుకుతనం, గ్రౌండ్ సైజు, గాలి, అదృష్టం అన్నీ కలిసి ఉంటాయి. పిచ్చర్ చేతిలో నేరుగా ఉండేవి రెండే: ఎదుర్కొన్న ప్రతి వందమంది బ్యాటర్లలో ఎంతమందిని స్ట్రైక్‌అవుట్ చేశాడు (మూడు స్ట్రైక్‌లతో అవుట్), ఎంతమందికి వాక్ ఇచ్చాడు (నాలుగు తప్పు బంతులు వేసి ఊరికే మొదటి బేస్ ఇవ్వడం). మొదటి శాతంలోంచి రెండోది తీసేస్తే వచ్చే తేడా మీ మొదటి జల్లెడ. పెద్ద కాన్ఫరెన్సులో (తమలో తాము ఆడుకునే కాలేజీల బృందంలో) ఆడుతూ ఆ తేడా 20 దాటిందంటే ఆ పేరు నోట్‌బుక్‌లో రాసుకోవాల్సిందే.

అంకెలు నిజంగానే మాట్లాడిన సీజన్ అంటే 2023లో పాల్ స్కీన్స్‌ది. ఎయిర్ ఫోర్స్ అకాడమీ నుంచి ఎల్‌ఎస్‌యూకి (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) మారిన ఆ ఏడాది 122⅔ ఇన్నింగ్స్‌లో 209 స్ట్రైక్‌అవుట్లు, వాక్‌లు 20 మాత్రమే. పిట్స్‌బర్గ్ పైరేట్స్ మొదటి ఎంపికగా తీసుకుంది. 2024 మే 11న మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి, ఆ ఏడాదే నేషనల్ లీగ్ రూకీ ఆఫ్ ది ఇయర్ (ఆ ఏటి అత్యుత్తమ కొత్త ఆటగాడు) అయ్యాడు. ఇలాంటి కేసుకి స్కౌట్ అక్కర్లేదు, ఎవరైనా చెప్పేస్తారు. పని మిగతా వాళ్ళతోనే.

2021 వాండర్‌బిల్ట్ జట్టు చూడండి. ఒకే జట్టులో ఇద్దరు, కుమార్ రాకర్, జాక్ లైటర్. ఇద్దరికీ సరిగ్గా 179 స్ట్రైక్‌అవుట్లే. రాకర్‌కి అందుకు 122 ఇన్నింగ్స్ పట్టాయి, లైటర్‌కి 110. వాక్‌లు రాకర్‌వి 39, లైటర్‌వి 45. డ్రాఫ్ట్‌లో లైటర్ రెండో స్థానంలో టెక్సస్ రేంజర్స్‌కి వెళ్ళాడు, రాకర్ పదో స్థానంలో న్యూయార్క్ మెట్స్‌కి. అంకెలు ఇంత దగ్గరగా ఉన్నా స్థానాల్లో అంత తేడా ఎందుకొచ్చిందో తెలియాలంటే మైదానానికి వెళ్ళాలి.

వెళ్ళే ముందు అంకెల్లో ఇంకో రెండు సవరణలు చేసుకోండి. వారం మధ్యలో, మంగళవారం, చిన్న కాలేజీల మీద తీసిన స్ట్రైక్‌అవుట్లు వేరు చేసి, కాన్ఫరెన్స్ మ్యాచ్‌లవి మాత్రమే మళ్ళీ లెక్కపెట్టండి. అలాగే వయసు చూడండి. 23 ఏళ్ళ పిచ్చర్ 19 ఏళ్ళ బ్యాటర్లను ఆడిస్తుంటే అందులో సగం గొప్ప వయసుదే. అల్బుకర్కీ, కొలరాడో లాంటి ఎత్తు ప్రదేశాల్లో ఆడేవాళ్ళకు కాస్త వెసులుబాటు ఇవ్వాలి. అక్కడి పల్చటి గాలిలో బంతి తక్కువ తిరుగుతుంది, కొడితే ఎక్కువ దూరం పోతుంది.

2. మార్కుల స్కేలు

స్కౌట్లు 20 నుంచి 80 వరకు మార్కులు వేస్తారు. 50 అంటే మేజర్ లీగ్ సగటు, కాలేజీ సగటు కాదు. చాలామంది తడబడేది ఇక్కడే. కాలేజీలో అందరినీ చిత్తు చేసే స్లైడర్‌కి (చివర్లో పక్కకు తిరిగే బంతికి) 50 వచ్చిందంటే అది తిట్టు కాదు, మెచ్చుకోలే. ప్రతి అంశానికీ రెండు మార్కులు వేస్తారు: ఇవాళ్టిది ఒకటి, ఎదిగాక రాగలదు అనుకున్నది ఒకటి. రెండోది వేసేటప్పుడు పక్కనే ‘ఎందుకు’ అని ఒక్క వాక్యం రాయండి. ఏమీ తోచకపోతే రెండు మార్కులూ ఒకటే వేయండి.

3. ఫాస్ట్‌బాల్: గన్ చూపే అంకె కన్నా బ్యాటర్ ప్రవర్తన ముఖ్యం

టీవీ తెర మీద 98 మైళ్ళు మెరవగానే జనం ఊగిపోతారు. మీరు రాయాల్సింది అత్యధిక వేగం కాదు, ఇన్నింగ్స్ వారీ సగటు. మొదటి ఇన్నింగ్స్‌లో 95, ఐదో ఇన్నింగ్స్‌లో 91 అయితే ఆ నాలుగు మైళ్ళే అసలు వార్త. స్టార్టర్‌కి (మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్‌కి) సుమారుగా 93-94 మైళ్ళ సగటుకి 50, 95-96కి 60, 97 దాటితే 70 అనుకోండి. ఒక్కో క్లబ్ లెక్క ఒక్కోలా ఉంటుంది, ఏటేటా పైకి పోతూనే ఉంటుంది.

వేగం ఒక్కటే సరిపోదని చెప్పేవి మిగతా మూడు. మొదటిది, బంతి వదిలే చోటు. మౌండ్ (పిచ్చర్ నిలబడే దిబ్బ) నుంచి హోమ్ ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు. కానీ పిచ్చర్ ముందుకు సాగి ఆరున్నర అడుగుల దగ్గర బంతి వదిలితే అది నిజంగా ప్రయాణించేది 54 అడుగులే. ఏడు అడుగులకు సాగేవాడి 93, బ్యాటర్‌కి అంతకన్నా వేగంగా అనిపిస్తుంది. రెండోది, బంతి కిందికి జారకుండా ఎంత నిలబడుతుందన్నది. వెనక్కి తిరిగే స్పిన్ వల్ల ఫోర్-సీమ్ బంతి (మామూలు ఫాస్ట్‌బాల్) బ్యాటర్ ఊహించినంత పడదు. ట్రాక్‌మ్యాన్ యంత్రం దీన్ని అంగుళాల్లో చూపిస్తుంది. 15-16 అంగుళాలు మామూలు, 18 దాటితే స్ట్రైక్ జోన్ పై భాగంలో బాగా పనిచేస్తుంది. మూడోది, వదిలే ఎత్తు. తక్కువ ఎత్తు నుంచి వచ్చి కూడా పైన నిలబడే బంతి బ్యాటర్లకు నరకం. అందుకే కొందరు పొట్టి పిచ్చర్లు 92తో బతికేస్తారు, ఆరడుగుల ఆరంగుళాల ఆజానుబాహుడు 96తో తన్నులు తింటాడు.

యంత్రం లేదా? ఫౌల్ బంతులు చూడండి. కుడిచేతి బ్యాటర్ కొట్టిన ఫౌల్‌లు అదేపనిగా మొదటి బేస్ వైపు స్టాండ్స్‌లోకి పోతున్నాయంటే అతను ఆలస్యమవుతున్నాడు, ఫాస్ట్‌బాల్ అతన్ని దాటేస్తోంది. మూడో బేస్ వైపు లాగి కొడుతుంటే మాత్రం గన్ ఎంత చూపించినా ఆ బంతి బ్యాటర్‌కి బాగా కనిపిస్తోందన్నమాట. వెనక నెట్‌కి నేరుగా తగిలే ఫౌల్ అయితే టైమింగ్ కుదిరింది, ఎత్తు దగ్గర తప్పాడు. ఒక పూట మొత్తం ఇదొక్కటే గీతలు గీసుకుంటూ కూర్చున్నా దండగ కాదు.

4. స్లైడర్, ఛేంజప్, బంతి మీది కుట్టు

కాలేజీ బంతి, మేజర్ లీగ్ బంతి ఒకటి కావు. 2015లో కాలేజీలు కుట్టు ఎత్తు తగ్గించాయి. అయినా ప్రొఫెషనల్ బంతి కుట్టు దానికన్నా చదునుగా ఉంటుంది. మన దగ్గర ఎస్‌జీ బంతితో అలవాటైన బౌలర్ చేతికి కూకబుర్రా ఇస్తే ఎలా ఉంటుందో, ఇదీ అలాంటిదే. కాబట్టి కాలేజీలో గాలిలో అడ్డంగా తేలిపోయే స్లైడర్ చూసి వెంటనే 60 రాసేయకండి. అది ఎంత తిరిగిందన్నదాని కన్నా ఎంత ఆలస్యంగా తిరిగింది, ఫాస్ట్‌బాల్ దారిలోనే ఎంతసేపు వచ్చింది అన్నవి చూడండి.

ఇంకో పరీక్ష కూడా ఉంది, నాకు ఇదే అన్నిటికన్నా నమ్మకమైనది. కాలేజీ బ్యాటర్లు మట్టిలో పడే స్లైడర్‌కి కూడా బ్యాట్ ఊపేస్తారు. పై స్థాయి బ్యాటర్లు వదిలేస్తారు. అందుకని రెండు స్ట్రైక్‌ల తర్వాత వచ్చిన స్లైడర్ స్ట్రైక్‌అవుట్లు పక్కన పెట్టి, తను వెనకబడి ఉన్నప్పుడు, అంటే 1-0, 2-1 కౌంట్‌లో (మొదటి అంకె బాల్స్, రెండోది స్ట్రైక్‌లు), స్లైడర్‌ని స్ట్రైక్ జోన్‌లో వేయగలుగుతున్నాడా అని చూడండి. వేస్తుంటే ఆ స్లైడర్ పైకి వెళ్ళినా పనిచేస్తుంది. అలా వేయలేక ప్రతిసారీ ఫాస్ట్‌బాల్‌కే పరుగెత్తేవాడైతే పై స్థాయి బ్యాటర్లు దాని కోసమే కాచుకుని కూర్చుంటారు.

ఛేంజప్ (ఫాస్ట్‌బాల్‌లా కనిపించి నెమ్మదిగా వచ్చే బంతి) కాలేజీలో ఎక్కువగా వేయరు, వేయాల్సిన అవసరం రాదు. రెండు బంతులతోనే పని జరిగిపోతుంది. కానీ కుడిచేతి పిచ్చర్‌కి ఎడమచేతి బ్యాటర్లను ఆపే ఆయుధం సాధారణంగా అదే. మ్యాచ్‌లో కనిపించకపోతే ముందే వెళ్ళి బుల్‌పెన్‌లో వార్మప్ చూడండి. ఛేంజప్ వేసేటప్పుడు చెయ్యి నెమ్మదిస్తోందా అన్నదొక్కటే చూడాల్సింది. చెయ్యి ఫాస్ట్‌బాల్ వేగంతోనే వచ్చి బంతి మాత్రం ఎనిమిది పది మైళ్ళు తక్కువగా వస్తుంటే దానికి భవిష్యత్తు ఉంది.

5. లోహపు బ్యాటు మరిపించే విషయం

కాలేజీలో లోహపు బ్యాట్లు, ప్రొఫెషనల్‌లో చెక్క బ్యాట్లు. ఒంటికి దగ్గరగా వచ్చిన బంతి చెక్క బ్యాటు హ్యాండిల్‌కి తగిలితే బ్యాటు విరుగుతుంది, బంతి పిచ్చర్ ముందే పడుతుంది. లోహపు బ్యాటు విరగదు, అదే బంతి ఇన్‌ఫీల్డ్ దాటి మెల్లగా సింగిల్‌గా పడిపోతుంది. అందుకే చాలామంది కాలేజీ పిచ్చర్లు లోపలికి వేయడమే మానేసి బయటి అంచు పట్టుకుని ఉంటారు. ఇది తెలిస్తే మీ నోట్స్ మారిపోతాయి: లోపలికి వేయగలిగినా వేయనివాడు, అసలు వేయలేనివాడు వేరు వేరు.

దీనికి మంచి పరీక్ష కేప్ కాడ్ లీగ్. మసాచుసెట్స్‌లో ఎండాకాలంలో పది జట్లతో, చెక్క బ్యాట్లతో ఆడతారు. దేశం నలుమూలల నుంచి మంచి కాలేజీ ఆటగాళ్ళు వస్తారు. మీరు చూస్తున్నవాడు అక్కడ ఇరవై ముప్పై ఇన్నింగ్స్ వేసి ఉంటే ఆ రికార్డుకి కాలేజీ సీజన్‌తో సమానంగా విలువ ఇవ్వండి. అయితే ఈమధ్య పై స్థాయి పిచ్చర్లు చాలామంది చెయ్యికి విశ్రాంతి కోసం అక్కడికి వెళ్ళడం తగ్గించారు. వెళ్ళలేదని మార్కులు కోయకండి.

6. క్యాచర్ గ్లవ్ మీద కన్నేసి ఉంచండి

స్ట్రైక్‌లు వేయడం ఒకటి, అనుకున్న చోట వేయడం ఇంకొకటి. మొదటిది కంట్రోల్, రెండోది కమాండ్. వాక్‌ల లెక్క మొదటిదాన్నే చెబుతుంది. రెండోది కళ్ళతోనే తెలుస్తుంది.

పద్ధతి సులువు. హోమ్ ప్లేట్ వెనక కూర్చుని, ఫాస్ట్‌బాల్ వేసిన ప్రతిసారీ క్యాచర్ గ్లవ్ మొదట ఎక్కడ పెట్టాడు, చివరికి ఎక్కడ పట్టాడు అని చూడండి. ఇరవై బంతులకు గీతలు గీయండి. గ్లవ్ కదలనివి ఎన్ని, కాస్త కదిలినవి ఎన్ని, క్యాచర్ ఒంగి దూకాల్సి వచ్చినవి ఎన్ని. తప్పిన బంతులు ఎటు తప్పాయన్నది ఇంకా విలువైన సమాచారం. కుడిచేతి పిచ్చర్ బంతులు పదేపదే తన చేతి వైపు పైకి పోతుంటే ముందరి భుజం తొందరగా తెరుచుకుంటోందని అర్థం. ఒకే వైపు తప్పితే దిద్దగలిగిన లోపం, కోచ్‌కి పని. నాలుగు వైపులా చెల్లాచెదురుగా తప్పితే అతను ప్రతి బంతికీ కొత్తగా వేస్తున్నట్టు. అలాంటివాడికి కమాండ్ భవిష్యత్తు మార్కు 45 దాటించడానికి నాకు చెయ్యి రాదు.

బేస్ మీద రన్నర్ ఉన్నప్పుడు స్టాప్‌వాచ్ తీయండి. పిచ్చర్ కదలిక మొదలైనప్పటి నుంచి బంతి క్యాచర్ గ్లవ్‌లో పడేదాకా 1.3 సెకన్లు అయితే ఫర్వాలేదు. 1.5 అయితే పై స్థాయిలో ప్రతివాడూ బేస్ దొంగిలిస్తాడు. అలాగే ఆ తొందరలో వేగం పడిపోతోందా, గురి తప్పుతోందా చూడండి.

ఒక మాట గుర్తుంచుకోండి. కాలేజీలో ఏ బంతి వేయాలో చాలాచోట్ల డగౌట్‌లోంచి కోచే చెబుతాడు. ‘ఆటను భలే చదువుతాడు’ అని రాసే ముందు, చదువుతున్నది ఎవరో కనుక్కోండి.

7. ఒళ్ళు, చెయ్యి, డాక్టర్ రిపోర్ట్

బయటివాళ్ళకు దొరకనిది, క్లబ్బులు అన్నిటికన్నా భయపడేది ఇదే. కుమార్ రాకర్ కథ చదివితే ఎందుకో తెలుస్తుంది. తల్లి లలితది భారతీయ మూలాలున్న కుటుంబం, తండ్రి ట్రేసీ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరున్న ఆటగాడు. 2019లో, కాలేజీ మొదటి ఏడే, డ్యూక్ యూనివర్సిటీ మీద 19 స్ట్రైక్‌అవుట్లతో నో-హిటర్ (ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) వేశాడు. ఆ ఏడాది కాలేజ్ వరల్డ్ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడు కూడా అతనే. 2021లో వేగం కొన్ని వారాలు తగ్గడం, మళ్ళీ రావడం స్కౌట్లు గమనించారు. మెట్స్ పదో స్థానంలో తీసుకుంది, 60 లక్షల డాలర్లకు మాట కుదిరింది. వైద్య పరీక్ష తర్వాత క్లబ్ వెనక్కి తగ్గింది, సంతకం కాలేదు. సెప్టెంబర్‌లో భుజానికి సర్జరీ. 2022లో ఫ్రాంటియర్ లీగ్ అనే ఇండిపెండెంట్ లీగ్‌లో కొన్నాళ్ళు వేసి, మళ్ళీ డ్రాఫ్ట్‌కి వస్తే ఈసారి మూడో స్థానంలో రేంజర్స్ తీసుకుంది, 52 లక్షల డాలర్లకు. 2023 మేలో మోచేతికి టామీ జాన్ సర్జరీ (దెబ్బతిన్న లిగమెంట్‌ను మార్చే ఆపరేషన్). చివరికి 2024 సెప్టెంబర్ 12న సియాటిల్‌లో మొదటి మేజర్ లీగ్ మ్యాచ్: నాలుగు ఇన్నింగ్స్, ఏడు స్ట్రైక్‌అవుట్లు.

డ్యూక్ మ్యాచ్ రాత్రి చూసినవాళ్ళకీ, డాక్టర్ ఫిల్మ్ చూసినవాళ్ళకీ ఇద్దరికీ తమ మాటే నిజమనిపించే కేసు ఇది. అంత ప్రతిభ ఉన్న మాటా నిజమే, అంత రిస్క్ ఉన్న మాటా నిజమే.

మనకు ఎం.ఆర్.ఐ. కనిపించదు. కనిపించేవి కొన్ని ఉన్నాయి. వారం వారం సగటు వేగం ఒక కాగితం మీద గ్రాఫ్‌లా గీయండి. ఒక్క వారం తగ్గితే చలో, అలసటో. మూడు వారాలు వరసగా తగ్గితే గట్టిగా అండర్‌లైన్ చేయండి. 110, 120 బంతులు ఎన్నిసార్లు వేయించారో రాయండి. బంతి వేశాక మోచెయ్యి విదిలించుకోవడం, ట్రైనర్ మౌండ్ మీదికి రావడం, ఒక వారం కారణం చెప్పకుండా శుక్రవారం స్లాట్ మార్చడం, ఇవన్నీ తేదీలతో సహా నోట్ చేయండి. గతంలో టామీ జాన్ జరిగితే దాంతోనే కొట్టేయకండి. స్పెన్సర్ స్ట్రైడర్‌కి క్లెమ్సన్‌లో ఉండగా, టారిక్ స్కూబల్‌కి సియాటిల్ యూనివర్సిటీలో ఉండగా ఆ సర్జరీ అయ్యింది. ఒకరు నాలుగో రౌండ్‌లో, ఒకరు తొమ్మిదో రౌండ్‌లో దొరికారు. స్కూబల్ 2024లో అమెరికన్ లీగ్ సై యంగ్ అవార్డు (ఆ ఏటి అత్యుత్తమ పిచ్చర్‌కి ఇచ్చేది) కొట్టాడు.

8. స్టార్టరా, రిలీవరా?

మూడు పనికొచ్చే బంతులు, ఎడమ కుడి బ్యాటర్లిద్దరి మీదా ఒకేలాంటి పట్టు, అదే బ్యాటర్ మూడోసారి వచ్చినప్పుడు కూడా నిలబడే వేగం: ఈ మూడూ ఉంటే స్టార్టర్. ఏదో ఒకటి లేకపోతే రిలీవర్ (మ్యాచ్ మధ్యలో దిగే పిచ్చర్) వైపు వాలుతుంది. స్ట్రైడర్ ప్రధానంగా రెండు బంతులతోనే 2023లో 281 స్ట్రైక్‌అవుట్లు తీశాడు. అది మినహాయింపు, దాన్ని చూపించి ఇంకొకడికి పాస్ మార్కులు వేయకూడదు.

9. ఏది మారుతుంది, ఏది మారదు

వేగం పెరగొచ్చు. షేన్ బీబర్ శాంటా బార్బరా కాలేజీలో ఉన్నప్పుడు గురి గొప్పది, వేగం మామూలు. 2016లో నాలుగో రౌండ్‌లో పోయాడు. ప్రొఫెషనల్‌లో వేగం పెరిగాక 2020లో సై యంగ్. కొత్త బంతి రావచ్చు. స్కీన్స్‌కి ఇప్పుడు పేరు తెచ్చిన, సింకర్‌లా కిందికి జారే స్ప్లిట్టర్ కాలేజీ తర్వాత చేరిందే. జేకబ్ డిగ్రామ్ స్టెట్సన్ కాలేజీలో మూడో ఏడు దాకా షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్), 2010లో తొమ్మిదో రౌండ్. చెయ్యి తాజాగా ఉంది, అథ్లెట్‌లా కదిలేవాడు. ఎవరో స్కౌట్ అంకెలు కాకుండా అది చూశాడు.

మారనివి కూడా ఉంటాయి. అథ్లెట్ కానివాడు అథ్లెట్ కాడు. చెదిరిన గురి అరుదుగా కుదురుకుంటుంది. 2013లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ మొదటి ఎంపికగా తీసుకున్న స్టాన్‌ఫర్డ్ మార్క్ అపెల్‌కి చేతిలో అన్నీ ఉన్నట్టే కనిపించాయి. మేజర్ లీగ్ మౌండ్ ఎక్కేసరికి 2022 వచ్చింది, వయసు 30.

10. రిపోర్ట్ రాయడం

ఊహకి ఒక కుర్రాణ్ణి తీసుకుందాం. 21 ఏళ్ళు, కుడిచెయ్యి, ఆరడుగుల మూడంగుళాలు. మొదటి ఇన్నింగ్స్‌లో 94-95, ఐదులో 92-93, ఒకసారి 97. ఫాస్ట్‌బాల్‌కి ఇవాళ 50, రేపు 55, ఎందుకంటే ఒళ్ళింకా నిండలేదు. స్లైడర్ వెనకబడ్డ కౌంట్‌లో కూడా వేస్తున్నాడు, 55 నుంచి 60. ఛేంజప్ బుల్‌పెన్‌లో బాగుంది, మ్యాచ్‌లో వేసింది నాలుగే, 40 నుంచి 45. గ్లవ్ లెక్కలో ఇరవైకి తొమ్మిదిసార్లు గ్లవ్ కదల్లేదు, తప్పినవి చాలావరకు ఒకే వైపు, కమాండ్ 40 నుంచి 50.

ఇప్పుడు మార్కులన్నీ కలిపి సగటు తీయకండి. పాత్ర రాయండి: ‘ఛేంజప్ వస్తే జట్టులో నాలుగో స్టార్టర్, రాకపోతే స్లైడర్‌తో ఎనిమిదో ఇన్నింగ్స్ రిలీవర్.’ తర్వాత రిస్క్ ఒక వాక్యం. చివరగా ఏ రౌండ్‌లో తీసుకుంటారో రాయండి. ‘బాగున్నాడు’ అనడం తేలిక. ‘రెండో రౌండ్‌లో తీసుకుంటా, మొదటి రౌండ్‌లో తీసుకోను’ అని రాసేటప్పుడే మీరు నిజంగా ఏం నమ్ముతున్నారో బయటపడుతుంది.

డల్లాస్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళకు ఒక సౌలభ్యం ఉంది. రేంజర్స్ డబుల్-ఎ జట్టు (మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కిందిది) ఫ్రిస్కోలోనే ఆడుతుంది. లైటర్, రాకర్ ఇద్దరూ ఆ మౌండ్ మీదుగా వెళ్ళినవాళ్ళే. కాలేజీలో మీరు రాసుకున్న మార్కులను అక్కడ సరిచూసుకోవచ్చు. కాకపోతే డ్రాఫ్ట్ అయిన ఆగస్టులోనే తొందరపడకండి. అప్పటికే వంద ఇన్నింగ్స్ వేసిన చెయ్యి కాబట్టి క్లబ్బులు ఆ ఏడాది పెద్దగా వేయించవు. రిపోర్ట్‌లో మార్పులు చేసేది మరుసటి ఏప్రిల్‌లో, కొత్త బంతితో, ఐదారు రోజులకోసారి మౌండ్ ఎక్కడం అలవాటయ్యాక.